మామయ్య గారి కుక్క జిమ్మీ పిల్లల మీదకు వస్తోంది, ఏం చేయాలి?

రాజమహేంద్రవరం నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందుకని అసలు విషయం వరకు క్లుప్తంగా చెప్తాను.

ఆవిడకు రెండేళ్ల పాప ఉంది. అత్తగారు, భర్త, తను, పాప కింద పోర్షన్‌లో ఉంటారు. పై పోర్షన్ అద్దెకిచ్చారు, ఆ అద్దెవాళ్లు వచ్చే నెల ఖాళీ చేస్తున్నారు. ఇంట్లో జిమ్మీ అనే తొమ్మిదేళ్ల నాటు కుక్క ఉంది. మామగారు వానలో దొరికిన కూనను తెచ్చి పెంచారట. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచి జిమ్మీ ఆయన పడక్కుర్చీ పక్కనే పడుకుంటుంది, అత్తగారు దానికి పెట్టాకే తాను తింటారు. పాప పాకుతున్నంత కాలం ఏ ఇబ్బందీ లేదు. పరుగులు మొదలయ్యాకే వచ్చింది. ఒకసారి దాని గిన్నెలో చెయ్యి పెడితే గుర్రుమంది. ఇంకోసారి పాప పడక్కుర్చీ ఎక్కబోతే పళ్లు చూపించి గాల్లో కొరికింది, పాపకు తగల్లేదు. రెండుసార్లూ భర్త దాన్ని చెప్పుతో కొట్టారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి పెద్దాడపడుచు వచ్చారు. ఆవిడ ఐదేళ్ల బాబు మంచం కింద పడుకున్న జిమ్మీని వెనకనుంచి వాటేసుకున్నాడు. ఈసారి గుర్రు కూడా లేదు, ఒక్కసారిగా తిరిగి చెంప మీద కరిచింది. రెండు పంటి గాట్లు, రక్తం. పసుపు అద్ది, దగ్గర్లో టీటీ ఇంజక్షన్ చేయించారు. మన కుక్కే కదా అని రేబిస్ సూదులు వేయించలేదు.

ఇప్పుడు ఆడపడుచు ఆ కుక్క ఉన్నంతకాలం పుట్టింటికి రానంటున్నారు. అత్తగారేమో "దాన్ని పంపిస్తే నన్నూ పంపించేయండి" అంటున్నారు. భర్త ఎటూ మాట్లాడటం లేదు. మరిది రాత్రిపూట గోదావరి బ్రిడ్జి దాటించి కొవ్వూరు అవతల వదిలేసొస్తానంటున్నాడు. మామగారి స్నేహితుడికి కడియంలో పూలమొక్కల నర్సరీ ఉంది, ఆయన తీసుకుంటానన్నారు. జిమ్మీని పెరట్లో గొలుసుతో కట్టేశారు, రాత్రంతా ఏడుస్తోందట. "పాపను చూస్తే భయం, అత్తయ్యను చూస్తే జాలి. ఏం చేసినా చెడ్డకోడలిని నేనే అవుతాను. ఏదో ఒక దారి చెప్పండి" అని ముగించారు.

మీకు రాస్తున్న సమాధానం ఇది.

ముందు బాబు సంగతి. మీ ఉత్తరం నాకు అందేసరికి కరిచి ఆరు రోజులైంది కాబట్టి ఈ ఒక్క విషయం అదే రోజు మీకు విడిగా రాశాను. మీ వదిన బాబును ఆసుపత్రికి తీసుకెళ్లారని మీరు తిరిగి రాశాక మనసు కుదుటపడింది. అయినా ఇలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్తున్నాను. కుక్క కరిచి చర్మం తెగి రక్తం వస్తే, అందులోనూ మొహం మీదైతే, అది రేబిస్ విషయంలో అన్నిటికంటే ప్రమాదకరమైన మూడో కేటగిరీ గాయం. వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. టీటీ ధనుర్వాతానికి, దానికీ రేబిస్‌కీ సంబంధం లేదు. రేబిస్ టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. మూడో కేటగిరీ గాయానికి టీకా ఒక్కటే చాలదు, ఇమ్యునోగ్లోబులిన్ అని గాయంలోకే ఇంకో మందు ఎక్కించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇవి ఉచితమే. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇందుకు అందరికీ తెలిసిన చోట్లే. ఆలస్యమైందని మానేయకూడదు, వారం దాటినా వెళ్లాల్సిందే, ఎందుకంటే జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడ్డాక బతికి బయటపడటం దాదాపు లేదు.

మన కుక్కే కదా అనే ధైర్యం దేని మీద? మామగారు పోయాక టీకా ఎవరైనా వేయించారో లేదో తెలీదని, కార్డు కూడా కనిపించడం లేదని మీరే రాశారు. కరిచిన కుక్క పది రోజులు ఆరోగ్యంగా ఉంటే ఆ కాటు వల్ల రేబిస్ రాదు, ఇది నిజమే, కానీ ఆ పది రోజులూ చూసి అప్పుడు సూదులు మొదలుపెడదాం అనుకోవడం చాలా తప్పు. టీకా ఈరోజే మొదలుపెట్టి, కుక్కను పక్కన గమనిస్తూ ఉండాలి, పది రోజుల తర్వాత మిగతా డోసుల సంగతి డాక్టరు చూసుకుంటారు. మీరు ఇది చదివే వేళకు ఆ గడువు దాటే ఉంటుంది కాబట్టి ఇప్పుడు జిమ్మీకి టీకా వేయించి, కొత్త కార్డు తీసుకుని, ఏటా ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టండి. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా కూడా వేస్తారు, కానీ మీరు అంతవరకు ఆగొద్దు.

ఇక జిమ్మీ. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది, మీరు దాన్ని చివర్లో ఎక్కడో అలవోకగా రాసేశారు. ఈ మధ్య మెట్లు ఆగి ఆగి ఎక్కుతోందని, పడుకున్నది లేవడానికి చాలాసేపు పడుతోందని. తొమ్మిదేళ్లంటే కుక్కకు పెద్దవయసు. నడుం దగ్గరో తుంటి కీళ్లలోనో నొప్పి ఉండొచ్చు, చెవిలో చీము, పుచ్చిన పన్ను కూడా కావచ్చు. ఎన్నో ఏళ్లు శాంతంగా ఉన్న కుక్క ముసలితనంలో పిల్లల మీదకు రావడం మొదలుపెడితే మొట్టమొదట అనుమానించాల్సింది నొప్పినే. మంచం కింద, మూల, పారిపోవడానికి దారి లేని చోట, నొప్పి ఉన్న నడుం మీద ఐదేళ్ల పిల్లాడి బరువు పడింది. నేను దాన్ని వెనకేసుకు రావడం లేదు, బాబు చెంప మీద మచ్చ నిజం. కానీ కారణం తెలియకుండా తీసుకునే ఏ నిర్ణయమైనా గుడ్డిదే అవుతుంది. పశువైద్యుడికి చూపించండి. మీ ఊళ్లో ఎక్స్‌రేకి వీలు కాకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఒక రోజు పెట్టుకుని వెళ్లిరండి. నొప్పి అని తేలినా ఇంట్లో ఉన్న పారాసెటమాల్, బ్రూఫెన్ లాంటివి మాత్రం పొరపాటున కూడా వేయకండి, మన మాత్రలు కుక్కల ప్రాణం మీదకు తెస్తాయి.

మొదటి రెండు సంఘటనల్లో జిమ్మీ గుర్రుమంది, పళ్లు చూపించింది. మూడోసారి నేరుగా కరిచింది. ఈ మధ్యలో ఏం జరిగిందంటే, గుర్రుమన్నందుకు దెబ్బలు తింది. మీవారి కోపం నాకు అర్థమవుతుంది, కన్నకూతురి మీదకు కుక్క వస్తుంటే ఏ తండ్రికైనా చెయ్యి లేస్తుంది. కానీ వంటగ్యాస్‌కు దుర్వాసన కలిపేది లీకైతే మనకు తెలియాలనే కదా, కుక్క గుర్రు కూడా అలాంటిదే. దాన్ని కొట్టి మాన్పిస్తే కోపం, భయం, నొప్పి అలాగే ఉంటాయి, మనకు తెలియడం ఒక్కటే ఆగిపోతుంది. గుర్రుకంటే ముందు కూడా సూచనలుంటాయి: ఊరికే పెదవులు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, మొహం పక్కకు తిప్పేసుకోవడం, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూడటం, ఒళ్లంతా బిగదీసుకుని కదలకుండా ఉండిపోవడం. తోక ఊపుతోంది కదా అని కూడా నమ్మడానికి లేదు, ఒళ్లు బిగుసుకుని తోక ఊగుతుంటే అది స్నేహం కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్లందరూ ఇవి గుర్తుపట్టాలి. గుర్రుమంటే కొట్టకుండా పాపను అక్కణ్నుంచి తీసుకెళ్లండి, అంతే.

పాపకు నేర్పిస్తే సరిపోతుందా అని అడిగారు. రెండేళ్ల పిల్లకు "జిమ్మీ దగ్గరికి వెళ్లకు" అంటే వెళ్లడమే గుర్తుంటుంది. ఐదారేళ్లు వచ్చేదాకా ఈ బాధ్యతలో ఇసుమంత కూడా ఆ పిల్ల మీద వేయకూడదు. చిన్నపిల్లలకు కుక్కకాట్లు ఎక్కువగా తలకు, మొహానికి, మెడకు తగలడానికి కారణం వాళ్ల మొహం కుక్క నోటి ఎత్తులో ఉండటమే. పైగా కరిచేది చాలాసార్లు తెలిసిన కుక్కే, ఇంట్లోనే, పెద్దవాళ్లు పక్కనే ఉండగానే. సంక్రాంతి రోజు ఆ గదిలో నలుగురు పెద్దవాళ్లున్నారని మీరు రాశారు. అందుకే నేను "జాగ్రత్తగా చూసుకోండి" అని చెప్పను. పొయ్యి మీద పాలు పొంగుతుంటాయి, ఫోన్ మోగుతుంది, ఎవరో గేటు కొడతారు. చూసుకోవడం మీద ఆధారపడే ఏర్పాటు ఏదో ఒకరోజు తప్పుతుంది. పాపకూ జిమ్మీకీ మధ్య తలుపో గ్రిల్లో ఉండాలి, మీరు ఏ దారి ఎంచుకున్నా సరే ఇది మాత్రం ఈరోజే జరగాలి.

అలాగని గొలుసు పరిష్కారం కాదు. కట్టేసిన కుక్కకు పారిపోయే వీలుండదు, దగ్గరికొచ్చిన ప్రతిదీ దానికి ముప్పే, కొన్నాళ్లకు ఇప్పటికంటే కరుకు అవుతుంది. పైగా మీ పెరట్లోకి పాప రెండడుగుల్లో వెళ్లిపోగలదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మరిది చెప్పింది ముందే పక్కన పెట్టేయండి. పెంపుడు జంతువును తిండి దొరక్క అలమటించేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం, అది సరే. అసలు మాటేంటంటే, పిల్లల్ని కరిచిందని వదిలేసిన కుక్కను పిల్లలున్న ఇంకో ఊళ్లోనే కదా వదులుతారు. ఆకలితో, భయంతో, తనది కాని వీధిలో, అక్కడి కుక్కలు తరుముతుంటే అది ఇంకా త్వరగా కరుస్తుంది. మీ పాపకు తప్పించిన ప్రమాదం కొవ్వూరులో ఎవరి పాపకో చేరుతుంది.

కడియం నర్సరీ వినడానికి చాలా బాగుంది, ఖాళీ స్థలం, నీడ, తెలిసిన మనిషి. కానీ ఆ నర్సరీల్లో పనిచేసే కుటుంబాలు చాలాచోట్ల అక్కడే ఉంటాయి, వాళ్ల పిల్లలు మొక్కల మధ్యే తిరుగుతుంటారు. ఆ పెద్దాయన్ను రెండు ప్రశ్నలు అడగండి: అక్కడ పిల్లలున్నారా, రాత్రిళ్లు దాన్ని ఎవరు చూస్తారు. కరిచిన సంగతి దాచకుండా మొత్తం చెప్పండి, చెప్తే వద్దంటారేమో అనే భయంతో దాచడం చాలామంది చేసే పనే, కానీ రేపు అక్కడ పనివాళ్ల బిడ్డకు ఏదైనా అయితే ఆ పాపం మోయలేరు. జంతువు వల్ల హాని జరగకుండా జాగ్రత్త పడకపోవడం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా పడే విషయం కూడా. పిల్లలు లేరు, ఆయనకు విషయం పూర్తిగా తెలుసు, అయినా తీసుకుంటానంటే ఇది మర్యాదైన దారే. అయితే తొమ్మిదేళ్ల కుక్క చోటు మారితే బెంగపెట్టుకుంటుంది, మీ అత్తగారు అంతకంటే ఎక్కువ పెట్టుకుంటారు. వారానికోసారి ఆవిడను అక్కడికి తీసుకెళ్లే మనిషి ఎవరో కూడా ముందే అనుకోవాలి.

ఇంట్లోనే ఉంచుకోవడం ఇంకో దారి. అసాధ్యం కాదు, కానీ తేలికా కాదు. కుక్కకాటును తీవ్రతను బట్టి ఆరు స్థాయిలుగా విభజించిన ఇయాన్ డన్బర్ అనే పశువైద్యుడి కొలత ఒకటుంది. గాల్లో కొరకడం మొదటిది, పన్ను తగిలినా దిగకపోవడం రెండోది, ఒక్క కాటుతో లోతులేని గాట్లు పడటం మూడోది, పట్టి లోతుగా దించడం నాలుగోది, అక్కణ్నుంచి పైకి వెళ్లేకొద్దీ ఆశ తగ్గిపోతుంది. మీరు రాసినదాన్ని బట్టి జిమ్మీ ఒకటి నుంచి మూడుకు వచ్చింది. మూడు దగ్గర కట్టుదిట్టంగా ఉంటే చాలా ఇళ్లలో నెట్టుకురాగలరు. కట్టుదిట్టం అంటే: పడక్కుర్చీ, గిన్నె, పడక మూడూ దాని గదిలోకి మారాలి, ఆ గదికి చంటిపిల్లల గేటు కాదు, గడియ ఉన్న తలుపో నిలువెత్తు గ్రిల్లో ఉండాలి. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు ఎవరూ దాని దగ్గరికి వెళ్లకూడదు. పాప నిద్రపోయినప్పుడే అది హాల్లోకి వస్తుంది. పండగలకు, చుట్టాలొచ్చినప్పుడు గది దాటి రాదు. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు, ఎప్పుడైనా తప్పనిసరై మనుషుల మధ్యకు తేవాల్సినప్పుడు బాస్కెట్ మజిల్ వేయండి, దూడలకు కట్టే చిక్కంలా ఉంటుంది, నోరు తెరిచి వగర్చడానికీ నీళ్లు తాగడానికీ వీలుంటుంది. మూతిని బిగించే గుడ్డ రకం మన ఎండలకు ప్రమాదం. మజిల్ ఉంది కదా అని పాపను పక్కన వదలొద్దు. అవసరమనుకుంటే డాక్టరు ఆందోళన తగ్గించే ఫ్లూక్సెటిన్ లాంటి మందు రాస్తారు, దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇదంతా ఇంకో మూడు, నాలుగేళ్లు, ఒక్కరోజు కూడా సడలకుండా చేయాలి. ఇంట్లో ఒక్కరు "ఏం కాదులే" అనే మనిషి ఉన్నా ఈ దారి వద్దు. మీవారు ఇప్పటిలా మౌనంగా ఉంటే ఆ గడియ వేసే పని మొత్తం మీ మీదే పడుతుంది, ఏదైనా జరిగితే నింద కూడా. కాబట్టి ఈ దారికి ఒప్పుకునే ముందు ఆయన నోటివెంట స్పష్టంగా మాట రావాలి, ఏ పని ఆయనది, ఏది మీది అని.

మీరు రాయకపోయినా నాకు కనిపించిన దారి పై పోర్షన్. ఖాళీ అవుతోంది కదా. అత్తగారి పడక, పడక్కుర్చీ, జిమ్మీ పైకి వెళ్తే, ఆవిడ పగలు కిందకొచ్చి పాపతో ఉంటూ, భోజనాలు అందరూ కలిసి కిందే చేస్తూ ఉండొచ్చు. మెట్ల దగ్గర గేటుకు గడియ పెడితే పాపకూ కుక్కకూ ఒక అంతస్తు దూరం. ఇబ్బందులు లేకపోలేదు. అద్దె పోతుంది. జిమ్మీకి తుంటి నొప్పే అని తేలితే రోజూ మెట్లు ఎక్కించి దించలేరు, డాబా మీదే దాని తిరుగుడుకు ఏర్పాటు చేయాలి. అత్తగారి మోకాళ్ల సంగతి కూడా చూడాలి. వీటన్నిటికంటే పెద్దది, "కోడలు అత్తను మేడమీదకు పంపేసింది" అని వీధిలో పుట్టే మాట. అందుకే ఈ ప్రతిపాదన మీరు చేయొద్దు, ఆవిడ కొడుకు చేయాలి. ఆవిడ కాదంటే బలవంతం చేయకూడదు.

చివరిది రాయడానికి నాకే కష్టంగా ఉంది, కానీ దాస్తే మీకు అన్యాయం చేసినట్టు. నొప్పి తగ్గించలేనిదని తేలితే, లేదా ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ఇంతకంటే లోతుగా ఇంకొకరిని కరిస్తే, నిద్రలోనే పోయేలా చేసే ఇంజక్షన్ గురించి పశువైద్యుడే మాట్లాడతారు. ఇప్పటికి జిమ్మీ అక్కడ లేదు. ఎప్పుడైనా ఆ మాట వస్తే అది డాక్టరు నోటినుంచే రావాలి, కోపంలో ఉన్న చుట్టాల నోటినుంచి కాదు.

మీ అత్తగారితో మాట్లాడటం గురించి. ఆవిడ జిమ్మీని మనవరాలి కంటే ఎక్కువగా చూస్తున్నారని మీరు రాశారు, నాకు అలా అనిపించలేదు. ఏడాదిన్నర కిందట భర్త పోయారు. ఆయన గొంతుకు, ఆయన నడకకు, ఆయన ఇంటికొచ్చే వేళకు అలవాటు పడిన ప్రాణి ఆ ఇంట్లో ఆవిడ తర్వాత అదొక్కటే. "కుక్కను పంపేద్దాం" అంటే ఆవిడకు ఆయన్ను రెండోసారి పంపేస్తున్నట్టే ఉంటుంది. కాబట్టి పంపడం గురించి కాకుండా నొప్పి గురించి మొదలుపెట్టండి. "అత్తయ్యా, జిమ్మీకి లేవడం కష్టంగా ఉంది, మామయ్య గారుంటే ఈపాటికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారు, రేపు మనిద్దరం తీసుకెళ్దాం" అనండి. ఆవిడను వెంటబెట్టుకునే వెళ్లండి. పిల్లల మధ్య దాన్ని వదలకూడదన్న మాట మీరు చెప్తే కోడలి మాట, డాక్టరు చెప్తే జిమ్మీ మేలు కోరే మాట. తలుపు గడియ జిమ్మీని కూడా కాపాడుతుందని ఆవిడకు తెలియాలి, ఎందుకంటే ఇంకొక్క కాటు పడితే దాన్ని ఎవరూ కాపాడలేరు.

మీ వదిన మాటను అలకగా తీసుకోవద్దు. బిడ్డ చెంప చూసుకుంటూ ఆవిడ ఏమన్నా తక్కువే. మీవారిని ఒకసారి హైదరాబాద్ వెళ్లి బాబును చూసి, డోసులన్నీ పూర్తయ్యాయో లేదో కనుక్కుని రమ్మనండి. బాబు ఇప్పుడు వీధిలో కుక్కను చూసినా బెదురుతున్నాడేమో కూడా అడగమనండి, రాత్రిళ్లు ఉలిక్కిపడుతుంటే పిల్లల డాక్టరుకు చెప్పాలి. "నువ్వు వాటేసుకున్నావు కాబట్టే కరిచింది" అని ఆ పిల్లాడితో ఎవరూ అనకూడదు.

ఇక మీరు. భయంగా ఉందని రాసి, వెంటనే క్షమించమని కూడా రాశారు. రెండేళ్ల బిడ్డ తల్లికి ఈ భయం ఉండాల్సిందే, దానికి ఎవరినీ క్షమించమని అడగక్కర్లేదు. ఇంట్లో మిగతా అందరూ మామగారి గురించో, పరువు గురించో, పుట్టింటి గురించో ఆలోచిస్తున్నారు, పాప చెయ్యి దాని నోటికి ఎంత దూరంలో ఉందో మీరొక్కరే కొలుస్తున్నారు. ఇన్ని దారుల్లో ఏదీ కుదరక, గడియ సరిగ్గా పడుతుందన్న నమ్మకం మీకు కలగక, ఎవరికీ ఇష్టం లేకపోయినా జిమ్మీ మరోచోటికి వెళ్లాల్సి వస్తే, అది మీరు చేసిన క్రూరత్వం అవ్వదు.

ఈరోజుకు గొలుసు విప్పి, జిమ్మీని అత్తగారి గదిలోకి మార్చి, బయట పాపకు అందని ఎత్తులో గడియ వేయించండి. వడ్రంగి రావడానికి టైం పడితే అప్పటిదాకా పాప పగలు మీ అమ్మగారింట్లో ఉన్నా ఫర్వాలేదు. పశువైద్యుడు ఏమన్నారో, ఎక్స్‌రేలో ఏం కనిపించిందో రాయండి. నొప్పి ఉందా లేదా అన్నది తెలిస్తే పై పోర్షనా, కడియమా అన్నది మరింత స్పష్టంగా మాట్లాడుకోవచ్చు. అద్దెవాళ్లు ఖాళీ చేసేదాకా టైం ఉంది కాబట్టి ఆ పోర్షన్‌కు ఇంకా ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోవద్దని మీవారికి చెప్పండి.